నల్ల పలక, పేరు చెప్పని మనవి

సోమవారం పొద్దున్న బెన్హర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు సెలవు పెట్టి, నెల్లిమర్లలో బస్సెక్కి, విజయనగరం గంటస్తంభం దగ్గర దిగాలి. భీమశంకరరావు కొట్లో బొమ్మలు గీసుకునే ట్యాబ్లెట్ ఒకటి కొని, భోజనం వేళకు ఇంటికొచ్చి బీరువా వెనకాల దాచాలి. ఆదివారం భార్య లీలారాణి పుట్టినరోజు. ఆరోజు ఆమె చేతిలో పెట్టాలి. ఇందులో తప్పిపోవడానికి ఏముంది అని ఎవరైనా అంటారు. బెన్హర్‌ని ఎరిగినవాళ్ళు అనరు.

బెన్హర్ కొత్తవలసలో రైల్వే గూడ్సు ఆఫీసు గుమాస్తా. మంచివాడు, నెమ్మదస్తుడు. కానీ రెండు వస్తువుల్లో ఒకటి ఎంచుకోవాలంటే మాత్రం ఆయనకు ప్రాణం మీదికి వస్తుంది. సంతలో ఆయన అరకిలో వంకాయలు ఏరేలోపు కూరగాయల మనిషి టీ తాగి వస్తుంది. ఏ రంగు వెయ్యాలో తేలక వాళ్ళ ఇంటి గోడలు పెళ్ళయిన దగ్గర్నుంచీ సున్నంతోనే ఉన్నాయి. జీవితంలో ఆయన తడుముకోకుండా చేసిన ఎంపిక ఒక్కటే, మేనమామ కూతురు లీలారాణి. అది కూడా తను చేసిందేనని లీలారాణి అంటుంది.

లీలారాణి చర్చిలో ఆదివారం బడి టీచరు. పాఠం చెబుతూనే నల్లబల్ల మీద బొమ్మ వేస్తుంది. వేసేటప్పుడు బల్లవైపు చూడదు. ఆమె అటు తిరిగిందంటే ఇటు పిల్లలు కిటికీలోంచి దూకేస్తారు. అందుకని ముఖం పిల్లలవైపు, చెయ్యి బల్లవైపు పెట్టి గీయడం ఏనాడో అలవాటు చేసుకుంది. ఆమె వేసిన, పెద్ద చేప మింగిన యోనా బొమ్మ చూసిన ఒక పిల్లాడు చాలా రోజులు ఇంట్లో చేపల కూర ముట్టలేదట. అలాంటి బొమ్మలన్నీ బడి అయిపోగానే డస్టరు కింద పోయేవి. వాటి గురించి లీలారాణి ఎప్పుడూ బాధపడినట్టు కనిపించలేదు, బెన్హర్‌కి తప్ప.

ఇన్నాళ్ళకు అనూరాధ అనే ఆవిడ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వేసవి సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడికి కొత్త పుస్తకం తయారవుతోంది. అందులో బొమ్మలన్నీ లీలారాణే వెయ్యాలి. కాగితం మీద వేస్తే పనికిరాదు, కంప్యూటర్లో వేసి పంపాలి. ఆదివారం సాయంత్రంలోగా ఔననో కాదనో చెప్పాలి. లీలారాణి ఆ పూటంతా నేలమీద నడవలేదు. తర్వాత ఫోనులో వేలితో మోషేని గీసి చూసింది. గడ్డం కొబ్బరి చీపురులా వచ్చింది.

"మనవల్ల కాదులే బావా. కాదని సెప్పేస్తాను," అని నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ నవ్వు చూసి బెన్హర్ సెలవుచీటీ రాశాడు.

భీమశంకరరావు తాతల నాటి నుంచీ వ్యాపారస్తుడు. మిక్సీలు, గ్రైండర్లు అమ్మీ అమ్మీ, ఏ వస్తువైనా అంతేనని ఆయన నమ్మకం. ట్యాబ్లెట్ అనగానే ఆయన కూతురు పింకీని పిలిచాడు. ఆ పిల్ల ఇంజనీరింగు చదువుతూ ఖాళీ ఉన్నప్పుడు బొమ్మలు వేసుకుంటుంది. మూడు పెట్టెలు తెచ్చి గాజుబల్ల మీద పెట్టింది.

"ఇది తెర లేనిది అంకుల్. కంప్యూటర్‌కి తగిలించి దీనిమీద గీస్తే బొమ్మ కంప్యూటర్లో కనిపిస్తుంది. ఈ రెండోదానికి తెర ఉంది గానీ దీనికీ కంప్యూటర్ కావాలి. మూడోదానికి ఏదీ అక్కర్లేదు, దానిమీదే గీసుకోవచ్చు. మీ ఇంట్లో కంప్యూటర్ ఉందా?"

"ఉన్నాదమ్మా. గుడ్డ కప్పి, మీద పూలకుండీ పెట్టేం," అన్నాడు బెన్హర్. తెర లేని నల్ల పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే సెయ్యి ఒక దగ్గర, కళ్ళు ఒక దగ్గరానా? మనుషులెవరైనా అలా గీస్తారేటి?"

దాన్ని పక్కకు తోసేశాడు. ఇక రెండు మిగిలాయి. ఆ రెండింటి ముందు బెన్హర్ ఎంతసేపు నిలబడ్డాడంటే, కొట్లో కుర్చీ తెచ్చి వేశారు.

పింకీ జాలిపడి వివరాలు అడిగింది. ఆంటీగారి చెయ్యి ఎంత పెద్దది? గీసేటప్పుడు గట్టిగా నొక్కుతారా, మెల్లగానా? పొడుగు గీతలు గీస్తే చెయ్యి వణుకుతుందా? వణికితే ఆ గీతను సాపు చేసే ఏర్పాటు కొన్నింటిలో బాగుంటుంది. బెన్హర్‌కి ఒక్కదానికీ జవాబు తెలీదు.

"ఇదంతా ఎందుకు బాబూ, అమ్మగార్ని ఓసారి తీసుకొచ్చేయండి. వాడే మనిషి ముట్టుకుని సూస్తే అప్పుడే తేలిపోద్ది," అన్నాడు భీమశంకరరావు.

"అమ్మో! ఆవిడికి తెలీకూడదండి."

"అలాగైతే మీరే ఎల్లి కొలతలట్టుకు రండి, జాకెట్టుకి ఆది తెచ్చినట్టు."

బెన్హర్ ఆలోచించుకుంటూ బయటికి వచ్చాడు. ఆ కొట్టు పై అంతస్తులో నరాల డాక్టరుగారి ఆసుపత్రి ఉంది. కొట్టుకీ ఆసుపత్రికీ వీధిలోకి దారి ఒక్కటే. మెడనొప్పికి చూపించుకోవడానికి వచ్చిన వాళ్ళ చర్చి ఇమ్మానుయేలు ఆ దారిలోంచి తల వంచుకుని వస్తున్న బెన్హర్‌ని చూశాడు. పలకరించాడు కూడా. బెన్హర్ వినిపించుకోలేదు.

మంగళవారం సాయంత్రం బెన్హర్ కొలతలు మొదలుపెట్టాడు. "ఏదీ, ఓసారి నీ సెయ్యి ఇలాగియ్యి," అని లీలారాణి అరచేతిని స్కేలు పెట్టి కొలిచాడు. తర్వాత ఆమె క్రిస్మస్ కేకుల కోసం కొనుక్కున్న చిన్న కాటా తెచ్చి ముందు పెట్టాడు.

"దీనిమీద పెన్సిలెట్టి, గీసినప్పుడు ఎలా నొక్కుతావో అలాగ నొక్కు."

"ఎందుకు బావా?"

"ఊరికేనే."

ఆమె నొక్కింది. బెన్హర్ అంకె చూసి గుండెల నిండా ఊపిరి పీల్చి, "పర్వాలేదు, బలం ఉన్నాది," అని తనలో తను అనుకున్నాడు. ఆయన తనలో తను అనుకునే మాటలు వీధి గుమ్మం దాకా వినిపిస్తాయి.

"బలం ఉండకపోడం ఏటి?" అంది లీలారాణి.

బెన్హర్ ఆమె రెండు చేతులూ ముందుకు చాపించి, వేళ్ళమీద దినపత్రిక కాగితం పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం అంచు కదులుతోందా లేదా అని వంగి చూశాడు. లీలారాణి అలాంటి పరీక్ష ఒక్క చోటే చూసింది. వాళ్ళ పెద్దమ్మకు నరాల జబ్బు వచ్చినప్పుడు ఆసుపత్రిలో.

కాగితం కదిలిందో ఫ్యాను గాలికి ఊగిందో బెన్హర్‌కి తేలలేదు. మర్నాడు పొద్దున్న రైలుకు వెళ్తూ దారిలో బేబమ్మను అడిగాడు. బేబమ్మ ఇమ్మానుయేలు భార్య, మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు.

"బేబమ్మక్కా, సెయ్యి సన్నగా వణకడం అందరికీ ఉంటాదా?"

"నీకా?"

"నాకు కాదక్కా. ఊరికే తెల్సుకుందారని."

ఊరికే తెలుసుకుందామని అడిగినవాళ్ళందరూ రోగులేనని బేబమ్మ సర్వీసంతా చూస్తూనే ఉంది. ఆమె ఆయన నడకను వీధి మలుపు దాకా జాగ్రత్తగా చూసింది.

ఆ సాయంత్రం బేబమ్మ ఇంట్లోనే బుధవారం కూడిక. లీలారాణి చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతోంది కనక రాలేదు. పాటలయ్యాక పాస్టరు ఏసురాజుగారు ప్రార్థన మనవులు చెప్పమన్నారు. ఒకరు కూతురి పరీక్షలన్నారు, ఒకరు గేదె ఈనడం అన్నారు. ఆ సంఘంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. బయటికి చెప్పుకోలేని కష్టం ఉన్నవాళ్ళు లేచి నిలబడి "నా మనసులో ఒక మనవి ఉంది" అంటే చాలు. అది ఏమిటని ఎవరూ అడగకూడదు. ఊహించుకోకూడదని మాత్రం ఎక్కడా లేదు.

బెన్హర్ లేచాడు. ఆయనకు ఇది నిజంగానే ప్రార్థించవలసిన విషయం. మధ్యాహ్నం నుంచీ ఆయన లెడ్జరులో ఒక్క అంకె వెయ్యలేదు.

"నా మనసులో ఒక మనవి ఉన్నాదండి. ఆదివారం లోపల ఒక నిర్ణయం తీసుకోవాలి. నా వల్ల అవడం లేదు. తప్పు జరిగితే ఇంక మళ్ళీ అవకాశం రాదు," అని కూర్చోబోతూ, "దయచేసి లీలకి సెప్పకండి," అన్నాడు.

ఏసురాజుగారు కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించారు. గేదె సంగతి మర్చిపోయారు.

అందరూ వెళ్ళాక ఇమ్మానుయేలు భార్యతో నరాల ఆసుపత్రి దారి సంగతి చెప్పాడు. బేబమ్మ భర్తతో చేతి వణుకు సంగతి చెప్పింది. ఇద్దరి దగ్గరా చెరో సగం ఉంది. కలిపితే ఆపరేషను అయింది. గురువారం అది తలకు ఆపరేషను అయింది. శుక్రవారానికి విశాఖపట్నంలో మంచం కూడా దొరికింది.

సంఘం చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. బెన్హర్ ఇంటికి గంజి కేరియర్లు, దానిమ్మపళ్ళు, పెరుగు వచ్చాయి. కొత్తవలస రైల్లో చర్చివాళ్ళు లేచి ఆయనకు కిటికీ పక్క సీటిచ్చారు, సంచీ మోశారు. బెన్హర్ ఇవేవీ పట్టించుకోలేదు. ట్యాబ్లెట్ పెన్ను బరువుగా ఉంటే మంచిదా, తేలిగ్గా ఉంటే మంచిదా అన్న దగ్గర ఆగిపోయి ఉన్నాడు. శుక్రవారం స్టేషన్లో ఏసురాజుగారు ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి అడిగారు.

"ఎప్పుడు నాయనా?"

పాస్టరుగారికి ఎలా తెలిసిందా అని బెన్హర్ ఆశ్చర్యపోయాడు. ఊళ్ళో సంగతులు ఆయనకు తెలియకుండా ఉండవులే అనుకున్నాడు. "ఆదివారమేనండి."

"లీలమ్మకి..."

"ఆరోజే తెలుస్తాదండి. ముందే తెలిస్తే వొద్దంటాది."

ఏసురాజుగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఏదైనా తేడా వస్తే?"

"ఏడాదిలోపల పాడైతే కొత్తది ఇస్తారంటండి. గేరంటీ ఉన్నాది."

ఏసురాజుగారు ఆ మాట గురించి ఇంటిదాకా ఆలోచించుకుంటూ వెళ్ళారు. వైద్యం చాలా ముందుకు పోయిందని పాస్టరమ్మతో అన్నారు.

లీలారాణికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పొద్దన్నారు కనక చెప్పకుండా వచ్చి, చేతులు పట్టుకుని, వెళ్ళిపోయారు. శనివారం బేబమ్మ వచ్చి గట్టిగా కౌగిలించుకుంది.

"ధైర్యంగా ఉండమ్మా. మన సేతిలో ఏటున్నాది? నీకు మేవందరం ఉన్నాం."

"నాకేటయ్యింది అక్కా?"

"నీకేటీ అవలేదు తల్లీ. ఏటీ అవదు," అని బేబమ్మ ముక్కు చీదుకుంటూ వెళ్ళిపోయింది.

లీలారాణి వంటింటి గడపమీద కూర్చుని అన్నీ కలుపుకుంది. అరచెయ్యి కొలవడం. కాటా. వేళ్ళమీద కాగితం. కిందటి నెల జ్వరం వచ్చినప్పుడు పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చింది, కాగితాలు బావే తెచ్చాడు, 'అంతా బాగున్నాది' అని తనకు చూపించకుండా లోపల పెట్టేశాడు. ఊరంతా వచ్చి తన చేతులే పట్టుకుంటోంది. అంటే జబ్బు తనకు. పెద్దమ్మకు వచ్చిందే తనకూ వచ్చింది. తన చెయ్యి పోతోంది. పిచ్చి బావ అది ఒక్కడే మోస్తున్నాడు.

పెన్సిలు తీసి పాత క్యాలెండరు వెనక ఒక గీత గీసింది. భయానికి గీత నిజంగానే వణికింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఇంకేం పోయినా ఆమె అంత ఏడ్చేది కాదు. కాసేపటికి మొహం కడుక్కుని అనూరాధకు ఫోను చేసి, పుస్తకానికి బొమ్మలు వెయ్యలేనని చెప్పింది.

"గడువు రేపు సాయంత్రం దాకా ఉందండీ. అప్పటిదాకా మీరు చెప్పింది నేను విననట్టే," అంది అనూరాధ. ఆవిడ చాలామందిచేత పనులు చేయించిన మనిషి.

ఆ రాత్రి ఇద్దరూ ఒకరిమీద ఒకరు విపరీతమైన ప్రేమ చూపించుకున్నారు. ఆమె బాధపడుతోందని ఆయనకు తెలుస్తోంది, పుస్తకం గురించేననుకుని రేపటి దాకా ఓర్చుకున్నాడు. ఆయన బాధ చూడలేక ఆమె నవ్వుతూ కూర్చుంది. చేప తల ఆమె ఆయన కంచంలో వేసింది. ఆయన తీసి ఆమె కంచంలో వేశాడు. అది అలా అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి పిల్లికి దక్కింది.

భోజనమయ్యాక బెన్హర్ పెరట్లోకి వెళ్ళి భీమశంకరరావుకు ఫోను చేశాడు.

"నా వల్ల కాదండి. మీకు తోచింది ఒకటి రేపు ఇంటికి తెచ్చేయండి."

"నానేటి తోచించుకుంటాను బాబూ! మూడూ అట్టుకొచ్చేస్తాను," అన్నాడు భీమశంకరరావు.

ఆదివారం చర్చి నిండిపోయింది. సగం మంది ఉపవాసం ఉన్నారు. ప్రసంగం పూర్తికాగానే ఏసురాజుగారు, "మన సహోదరుడు బెన్హర్ ముందుకు రావాలి," అన్నారు. బెన్హర్ బిత్తరపోయి వెళ్ళాడు. పెద్దలందరూ చుట్టూ చేరి ఆయన తలమీద చేతులు వేశారు. అన్ని చేతుల కింద ఆయన మెడ వంగిపోయింది. "ఈరోజు ఈ తలను ముట్టబోయే డాక్టర్ల చేతులకు..." అని ఏసురాజుగారు మొదలుపెట్టారు.

"అయ్యగారూ, ఆగండి!"

లీలారాణి లేచి నిలబడింది. మొహం తెల్లబోయి ఉంది గానీ గొంతు గట్టిగానే ఉంది. "ఆయనకేటీ లేదండి. జబ్బు నాకు. నా సేతికి. నాకు తెలీకూడదని దాస్తన్నాడు. మా బావ తల ఒగ్గేయండి, అది బాగానే ఉన్నాది."

బెన్హర్ చేతుల కిందినుంచి తల బయటికి లాక్కున్నాడు. "నీకు జబ్బేటి? ఎవులు సెప్పేరు?"

"మరి కాటా ఏటి? కాగితం ఏటి?"

"తలకి ఆపరేషను కాదా?" అంది బేబమ్మ. ఆమె గొంతులో సంతోషంతోపాటు కొంచెం నిరాశ కూడా వినిపించింది. పొద్దుట్నుంచీ ఆమె మంచినీళ్ళు కూడా తాగలేదు.

"ఎవరి తలకి?" అన్నాడు బెన్హర్.

ఈ ప్రశ్నకు జవాబు వచ్చేలోపు గుమ్మంలో భీమశంకరరావు కనిపించాడు. ఇంటికి తాళం చూసి ఇక్కడికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, మూడు పెట్టెలు గుండెకు హత్తుకుని, వెనక పింకీతో లోపలికి వచ్చేశాడు. కొట్లోంచి కొత్త వస్తువు బయటికి పోయేటప్పుడు పసుపు కుంకుమ పెట్టడం వాళ్ళ ఇంటి ఆచారం. మూడు పెట్టెలమీదా బొట్లు ధగధగలాడుతున్నాయి.

"బాబూ, గుళ్ళోకి వొచ్చేసినందుకు ఏటనుకోకండి. అమ్మగారి పుట్టినరోజు సరుకు. ఏది కావాలో ఆవిడే ఏరుకుంటారు," అని పెట్టెలు తీసుకెళ్ళి రొట్టె, ద్రాక్షరసం ఉంచే ప్రభువు బల్లకు కొంచెం ఇవతల జాగ్రత్తగా పెట్టాడు.

బెన్హర్ అందరి ముందూ చెప్పవలసి వచ్చింది. మొదట్నుంచీ చెప్పాడు. కాటా దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీల్లో నవ్వు మొదలైంది, గ్యారంటీ దగ్గరికి వచ్చేసరికి ఏసురాజుగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లీలారాణి నవ్వలేదు. ఆయన్నే చూస్తూ నిలబడింది.

"దీనికోసరం వారం రోజులు తిండి తిన్లేదా నువ్వు?"

"నీ పుస్తకం పోతాదేమోనని," అన్నాడు బెన్హర్.

ఆమె కళ్ళు తుడుచుకుని ముందుకు వచ్చింది. పింకీ మొదట అన్నింటికన్నా గొప్పది, కంప్యూటర్ అక్కర్లేని తెర ఉన్నది చేతికిచ్చింది. లీలారాణి దానిమీద పెన్ను పెట్టింది, ఆగింది, మళ్ళీ పెట్టింది. గీత వంకర పోయింది.

"నా సెయ్యే నాకు అడ్డొస్తాంది," అంది లీలారాణి. "సేతి కిందకి సూసి గీయడం నాకు ఎప్పుడూ అలవాటు లేదమ్మా. అది ఏటది, ఆ నల్లది?"

బెన్హర్ సోమవారం పక్కకు తోసేసిన పలక అది. పింకీ దాన్ని తీసుకెళ్ళి, పాటల మాటలు గోడమీద చూపించడానికి చర్చిలో వాడే కంప్యూటర్‌కి తగిలించింది. గోడంతా తెల్లటి వెలుగు పడింది. లీలారాణి కుర్చీలో కూర్చుని పలకను ఒళ్ళో పెట్టుకుంది. దానివైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆదివారం బడిలో పిల్లల్ని చూసినట్టు ఎదురుగా ఉన్న జనాన్ని చూస్తూ, అప్పుడప్పుడు గోడవైపు ఓ చూపు వేస్తూ, చెయ్యి కదిపింది.

గోడమీద ముందు ఒక వంగిన మెడ వచ్చింది. దానిమీద ఒక చెయ్యి, ఆ చేతిమీద ఇంకో చెయ్యి, చేతులే చేతులు. కళ్ళు మూసుకున్న ఏసురాజుగారు. ముక్కు చీదుతున్న బేబమ్మ. ఓ మూల మూడు పెట్టెలు మోస్తున్న భీమశంకరరావు. అన్ని చేతుల కిందా, తనకేం జరుగుతోందో తెలియని బెన్హర్ మొహం. ఆ మొహాన్ని ఆమె అందరికన్నా నెమ్మదిగా, అందరికన్నా బాగా వేసింది. ఏ గీతా వణకలేదు.

చర్చి కప్పు ఎగిరిపోయేంతగా నవ్వారు. బేబమ్మ కూడా నవ్వింది, తన ముక్కు అంత పెద్దది కాదని అంటూనే. భీమశంకరరావు గోడకేసి చూసి, "సూసేరా బాబూ, సోమవారమే తీసుకొచ్చేయమన్నాను," అన్నాడు.

లీలారాణి చర్చి మెట్లమీద నిలబడి అనూరాధకు ఫోను చేసింది. "ఒప్పుకుంటన్నానండి. బొమ్మలన్నీ నానే ఏస్తాను," అని చెబుతున్నంతసేపూ రెండో చేత్తో బెన్హర్ చొక్కా చెయ్యి పట్టుకునే ఉంది. ఉపవాసం ఉన్నవాళ్ళంతా వాళ్ళింటికి వచ్చి గంజి, దానిమ్మపళ్ళు, పెరుగు ఖాళీ చేశారు. పింకీ పూలకుండీ దించి, గుడ్డ తీసి, కంప్యూటర్ మీద దుమ్ము దులిపింది.

తర్వాతి బుధవారం కూడికలో పాటలయ్యాక మనవులు చెప్పమన్నారు. పెన్నుకు ఏ రంగు ఒర కొనాలన్నది బెన్హర్‌కి ఇంకా తేలలేదు. ఆయన లేచి నిలబడి గొంతు సవరించుకోగానే ఏసురాజుగారు, "ముందు వస్తువు పేరు చెప్పండి," అన్నారు.